షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకునే ముందు, తెచ్చుకున్నాక: విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల కోసం

పిల్లిని ఇంటికి తెచ్చుకోవడం ఒక్క పూట పని. అది మన ఇంటిని తన ఇల్లు అనుకోవడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తెచ్చిన మర్నాడే తలుపులు బార్లా తీసి, వీధిలో పిల్లలందరినీ పిలిచి చూపించి, నాలుగు రోజులు తిరక్కుండా "ఎటో వెళ్లిపోయిందండీ" అని ఫోన్ చేసేవాళ్లు చాలామంది. విజయనగరంలో పిల్లుల్ని సాకి ఇళ్లకు ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఆ ఫోన్లు నాకు వస్తుంటాయి. ఆ పిల్లికి మీ మీద ఏ కోపమూ ఉండదు. తానెక్కడుందో దానికి ఇంకా తెలియలేదు, అంతే. అందుకే పిల్లిని ఎంచుకోవడం గురించి కొంత చెప్పి, తెచ్చాక తలుపు వేసి ఉంచాల్సిన రోజుల గురించి వివరంగా చెబుతాను.

ముందు ఇంట్లోవాళ్లని అడగండి

పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. అలాగని చెప్పకుండా తెచ్చేయొద్దు. మీరు ఆఫీసుకీ పిల్లలు స్కూలుకీ వెళ్లాక పగలంతా ఆ పిల్లితో ఉండేది అత్తయ్యగారో నానమ్మో. పాలగిన్నెలో మూతి పెడుతుందేమో, దేవుడి గదిలోకి వస్తుందేమో అన్నది వాళ్ల అసలు బెంగ. ఆ గది తలుపు వేసే ఉంచుతామని, వంటింట్లో గిన్నెల మీద మూతలు ఉంటాయని ముందే మాటిస్తే చాలామంది మెత్తబడతారు. ఇచ్చిన మాట తప్పకండి, అంతే.

శాకాహారుల ఇల్లయితే ఈ విషయం గట్టిగా ఆలోచించుకోవాలి. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచి అందాలి. అది చాలకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె పాడవుతుంది. పెరుగన్నంతో, పాలన్నంతో పిల్లిని పెంచలేం. ఇంట్లో మాంసం వండకపోయినా ప్యాకెట్లలో దొరికే పిల్లుల తిండి పెట్టొచ్చు, చాలా ఇళ్లలో అలాగే నడుస్తోంది. అది కూడా గడప దాటి రాకూడదంటే పిల్లి ఆలోచన మానుకోవడమే దానికి మేలు.

ఇంట్లో ఎవరికైనా ఆయాసం, పిల్లికూతలు ఉంటే, పిల్లి ఉన్న స్నేహితుల ఇంట్లో రెండు మూడుసార్లు గంటసేపు కూర్చుని రమ్మనండి. ఎలర్జీ తెచ్చేది పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రోటీన్. కాబట్టి పొట్టి బొచ్చు పిల్లయితే ఏం కాదులే అనుకోవడానికి లేదు. కడుపుతో ఉన్నవాళ్లు ఉన్నంత మాత్రాన పిల్లిని వద్దనుకోనక్కర్లేదు. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి బయటపడ్డాక 1 నుంచి 5 రోజులకు గానీ మనుషులకు అంటే స్థితికి రాదు. పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రేని ఇంట్లో ఇంకెవరైనా ప్రతిరోజూ శుభ్రం చేసి, పిల్లికి పచ్చి మాంసం పెట్టకుండా ఉంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇంట్లో పిల్లి ఉందన్న సంగతి డాక్టరమ్మకి చెప్పి ఉంచండి.

అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెబితే, పెంపుడు జంతువుల్ని అడ్డుకోకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను మర్యాదగా చూపించండి.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: సంక్రాంతికి ఊరెళ్తే పిల్లిని ఎవరు చూస్తారు? గిన్నె నిండా తిండి పెట్టి మూడు రోజులు తాళం వేసి వెళ్లిపోతే కుదరదు. రోజూ వచ్చి నీళ్లు మార్చి, ట్రే తీసి, పిల్లి కంటపడిందో లేదో చూసి వెళ్లే మనిషి ఒకరు దొరికాకే మిగతా పనులు మొదలుపెట్టండి.

ఇల్లు సర్దుకోవడం

కిటికీ గ్రిల్స్ దొంగల కోసం కట్టించుకున్నవి. పిల్లి తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే, మామూలు గ్రిల్లులోంచి పిల్లపిల్లి పరిగెడుతూనే దాటిపోతుంది. కనీసం ఒక్క గదికైనా కిటికీలకు ఇనప జాలీ కొట్టించండి. దోమల కోసం అంటించే పల్చటి నైలాన్ మెష్‌ని గోళ్లతో ఒక్క రాత్రిలో చింపేస్తుంది. మేడ మీద ఉండేవాళ్లు బాల్కనీకి పావురాల వల గట్టిగా బిగించాలి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా ఏం కాదన్న మాట నమ్మకండి. కాళ్లు, దవడ విరిగి ఆసుపత్రికి వచ్చే పిల్లులు ఉన్నాయి. పెరట్లో నుయ్యి ఉంటే దాని మీద జాలీ మూత తప్పనిసరి.

తర్వాత విషాలు. ఎలకల మందు ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి. పక్కింట్లో పెడుతున్నా అడగండి, ఎందుకంటే మందు తిని తూలుతున్న ఎలకని పిల్లి సులువుగా పట్టి తింటుంది, ఆ విషం దీనికీ ఎక్కుతుంది. బట్టల్లో వేసే కలరా ఉండలు, పూజకి వాడే కర్పూరం అందకుండా పెట్టండి. ఫినాయిల్‌తో నేల తుడిచే అలవాటు మానాలి. పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, దాని కాలేయం అందులోని ఫినాల్ అనే రసాయనాన్ని విరిచి బయటికి పంపలేదు. వేడినీళ్లు, సబ్బు చాలు. పెరట్లో గన్నేరు ఆకు, బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు కూడా ప్రమాదమే. ఆ లిల్లీ పుప్పొడి ఒంటి మీద పడి, దాన్ని నాకినా మూత్రపిండాలు పాడైపోతాయి.

అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది దారం. మల్లెపూల దండ దారం, కుట్టుమిషను దగ్గర పడిన ముక్కలు, గాలిపటం మాంజా, ఇవన్నీ పిల్లి ఆడుకుంటూ మింగేస్తుంది. నాలుక మీద ముళ్లు లోపలివైపు ఉంటాయి కాబట్టి నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మలేదు. అది పేగుల్ని కుచ్చెళ్లలా దగ్గరకి లాగి కోసేస్తుంది. దారం కొస నోట్లోంచో వెనకనుంచో వేలాడుతుంటే లాగొద్దు, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఎక్కడ వెతకాలి

మనకి దగ్గర్లో పేరున్న పెద్ద షెల్టర్ విశాఖపట్నంలోది, విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్. 1996 నుంచి పనిచేస్తోంది. వెళ్లే ముందు ఫోన్ చేసి, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న పిల్లులున్నాయో లేవో, ఏ వేళకి రావాలో కనుక్కోండి. ఆదివారం సరదాగా చూసొద్దామని కుటుంబమంతా దిగితే అక్కడి పనివాళ్లకీ ఇబ్బంది, జంతువులకీ బెదురు.

మన రెండు జిల్లాల్లో ఎక్కువ పిల్లులు ఇంకో దారిలో దొరుకుతాయి. రోడ్డు మీద, కాలవగట్టున, షాపు షట్టర్ కింద దొరికిన పిల్లల్ని తమ ఇళ్లలోనే సాకి ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల ఆచూకీ తెలియాలంటే పశువుల డాక్టర్లని అడగాలి. మీ ఊరి ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి, కుక్కలు, పిల్లులకు ప్రైవేటుగా చూసే క్లినిక్‌లో అడగండి. చీపురుపల్లి, గరివిడి వైపు వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. ఇలా ఇంట్లో పెరిగిన పిల్లిలో ఒక లాభం ఉంది. మనుషులకి, మిక్సీ చప్పుడుకి, టీవీకి అలవాటుపడి ఉంటుంది. దాని గుణం ఎలాంటిదో సాకినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పగలరు.

డబ్బు పోసి పర్షియన్ పిల్లిని కొనాలని ఉందా? మన ఉక్కపోతలో అంత బొచ్చుతో అది పడే అవస్థ చూశాక నేనెవరికీ ఆ సలహా ఇవ్వలేను. చప్పిడి ముక్కుతో ఊపిరి కష్టం, కళ్లు కారుతూనే ఉంటాయి, రోజూ దువ్వకపోతే బొచ్చు జడలు కడుతుంది. మన వీధి పిల్లి ఈ వాతావరణంలో పుట్టిందే. దానికి కావాల్సింది ఇల్లు ఒక్కటే.

ఏ పిల్లిని తీసుకోవాలి

షెల్టర్‌కి వెళ్లిన ప్రతివాళ్లూ రెండు నెలల పిల్లపిల్లినే అడుగుతారు. ఇంట్లో పగలంతా మనిషి ఉండి, రోజుకి నాలుగుసార్లు తిండి పెట్టే ఓపిక ఉంటే తీసుకోండి. ఉద్యోగాలు చేసే భార్యాభర్తలకి, పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి ఏడాది దాటిన పిల్లి మంచిదని నా గట్టి నమ్మకం. దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఒళ్లో కూర్చునేదా, దూరంగా ఉండేదా అన్నది అరగంటలో మీకే తెలుస్తుంది. ట్రే అలవాటు ఉంటుంది, చాలావాటికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా అయిపోయి ఉంటుంది. చెవి కొన చిన్నగా కత్తిరించినట్టు ఉంటే గాయం అనుకోకండి, ఆపరేషన్ అయిందని గుర్తు పెట్టారన్నమాట.

పిల్లనే తేవాలంటే 8 వారాలు నిండనిదాన్ని తేవద్దు. తల్లి దగ్గర, తోడబుట్టినవాటి మధ్య ఆ కాస్త కాలం ఉంటేనే గట్టిగా కొరకకూడదని, గోళ్లు దాచుకోవాలని నేర్చుకుంటుంది. వీలైతే ఒకే కాన్పులో పుట్టిన రెంటిని కలిపి తీసుకోండి. ఖర్చు పెరుగుతుంది, కానీ అవి ఒకదాంతో ఒకటి ఆడుకుంటాయి కాబట్టి అర్ధరాత్రి మీ కాళ్లమీద పడి కొరకడం తగ్గుతుంది. మూడు రంగులున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నల్ల పిల్లుల్ని ఎవరూ తీసుకెళ్లరు, బోనులో ఆఖరికి మిగిలేవి అవే. మీకు ఆ పట్టింపు లేకపోతే ముందు వాటివైపు చూడండి.

షెల్టర్‌లో దగ్గరగా చూడాల్సినవి

చేతుల్లోకి తీసుకునే ముందు కాసేపు దూరంగా నిలబడి చూడండి. మిగతావి ఆడుతుంటే ఒక్కటే మూల ముడుచుకుని కళ్లు మూసుకుని ఉంటే దానికి ఒంట్లో బాలేదేమో అడగండి. ముక్కు, కళ్లు పుసి లేకుండా శుభ్రంగా ఉండాలి. పెదవి మెల్లగా ఎత్తితే చిగురు గులాబీ రంగులో కనిపించాలి, తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తక్కువని అర్థం. చెవి లోపల కాఫీ పొడిలాంటి నల్లటి మడ్డి ఉంటే చెవి పురుగులు. బొచ్చులో గుండ్రంగా రాలిన మచ్చలుంటే తామర కావచ్చు, అది పిల్లలకి, మనకి కూడా అంటుకుంటుంది. ఇవన్నీ మందులతో తగ్గేవే, భయపడి వదిలేయాల్సిన పని లేదు. ముందే తెలిస్తే మందుతో సహా ఇంటికి తెచ్చుకుంటారు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. తోక మొదట్లో బొచ్చుని వెనక్కి తీసి చూస్తే చర్మం మీద నల్లటి రవ్వలు కనపడొచ్చు. వాటిని తడి చేసిన తెల్ల దూది మీద అద్దండి. మట్టి అయితే మట్టి రంగులోనే ఉంటుంది. రవ్వ చుట్టూ ఎర్రటి తడి పాకిందంటే అది ఫ్లీ అనే గెంతే పురుగు విసర్జించిన రక్తం. అలాంటప్పుడు పిల్లి ఒళ్లంతా పురుగులున్నట్టే, ఇంటికి తెచ్చేముందే మందు వేయించాలి. కుక్కల గోమార్లకి వాడే మందు మాత్రం పిల్లి మీద పడనివ్వకండి. వాటిలో కొన్నిట్లో ఉండే పర్మెత్రిన్ పిల్లిని ఫిట్స్ తెప్పించి చంపేస్తుంది.

అడగాల్సినవి అడిగేయండి. ఇదెక్కడ దొరికింది? ఏ టీకా ఎప్పుడు వేశారు, కార్డు ఉందా? నులిపురుగుల మందు ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారు? ఆపరేషన్ అయిందా? రోజూ ఏం తింటోంది? ఈ మధ్య ఆ గదిలో వాంతులు, విరేచనాలతో పిల్లలేమైనా పోయాయా? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు టీకా పడని పిల్లల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. మీ ఇంట్లోనే గత ఏడాదిలో ఓ పిల్లి అలా చనిపోయి ఉంటే షెల్టర్‌వాళ్లకి చెప్పండి. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. 32 వంతుల నీళ్లలో ఒక వంతు బ్లీచ్ కలిపి, పది నిమిషాలు నానేలా నేల తుడిస్తే చస్తుంది. అలాంటి ఇంటికి టీకాలు పూర్తయిన పెద్ద పిల్లినే తీసుకెళ్లాలి.

షెల్టర్‌వాళ్లు కూడా మిమ్మల్ని అడుగుతారు. ఆధార్ కాపీ, ఇంటి ఫొటోలు, వయసొచ్చాక ఆపరేషన్ చేయిస్తామన్న సంతకం, పెంచలేకపోతే తిరిగి తమకే ఇవ్వాలన్న షరతు ఉంటాయి. నా మీద నమ్మకం లేదా అని కోపం తెచ్చుకోకండి. ఏమీ అడక్కుండా పిల్లిని చేతిలో పెట్టేవాళ్లకన్నా ఇలా అడిగేవాళ్లే నయం.

తెచ్చే రోజు

గోనెసంచిలో వేసి బైకు మీద తేవద్దు. మూతకి గడియ ఉన్న క్యారియర్ కొనుక్కుంటే ఎప్పటికీ పనికొస్తుంది. లేకపోతే గట్టి ప్లాస్టిక్ బుట్టలు రెండు మూతికి మూతి బోర్లించి, చుట్టూ తాళ్లతో బిగించినా సరిపోతుంది. అడుగున పాత తువ్వాలు వేయండి, పైన పల్చటి గుడ్డ కప్పండి. చీకటిగా ఉంటే అరుపు తగ్గుతుంది. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టొద్దని షెల్టర్‌లో చెప్పండి. రైల్లో స్లీపర్, జనరల్ బోగీల్లో పెంపుడు జంతువుల్ని ఎక్కించుకోనివ్వరు కాబట్టి విశాఖ నుంచి కారో, తెలిసినవాళ్ల ఆటోనో మాట్లాడుకోండి. ఎండాకాలమైతే తెల్లవారుజామునే బయల్దేరాలి. ఆగి ఉన్న కారులో పిల్లిని వదిలి టిఫిన్‌కి వెళ్లొద్దు. దారిలో ఎంత జాలేసినా మూత తీయకండి.

షెల్టర్‌లో అది పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ వాసన దానికి మొదటి రాత్రి చాలా ధైర్యాన్నిస్తుంది.

ఒక్క గది, రెండు వారాలు

తిన్నగా ఒక గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేశాక క్యారియర్ మూత తీయండి. హాలు వద్దు, వంటిల్లు వద్దు. మనుషుల రాకపోకలు తక్కువున్న పడకగది బాగుంటుంది. అటక మీదకి దారి ఉంటే మూసేయండి, బీరువా వెనక సందుల్లో పాత దిండ్లు కుక్కండి. ఒక మూల నీళ్లు, తిండి, వాటికి దూరంగా ఇంకో మూల ఇసుక ట్రే. అట్టపెట్టెకి పక్కన రంధ్రం కోసి, లోపల మీ పాత చీరో లుంగీయో పరిచి పెట్టండి. దాక్కోవడానికి చోటుంటే భయం త్వరగా పోతుంది. పెట్టె లేకపోతే మంచం కిందకి దూరి అక్కడే ఉంటుంది.

పెట్టిన తర్వాత బయటికి వచ్చేయండి. లాక్కొచ్చి ముద్దులాడాలనిపిస్తుంది, పిల్లలైతే ఆగలేరు. ఆగాలి. తొలి రెండు మూడు రోజులు అది కనపడకపోవచ్చు, పగలంతా నిద్రపోయి రాత్రి రెండింటికి లేచి అరవొచ్చు. ఆ అరుపు వినగానే తలుపు తీసి ఇంట్లోకి వదిలేస్తే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని అది నేర్చుకుంటుంది. పైగా మర్నాడు పాలవాడు వచ్చిన వేళకి వీధి తలుపులోంచి దూసుకుపోతుంది.

రోజుకి మూడు నాలుగుసార్లు మీరే లోపలికెళ్లి నేల మీద కూర్చోండి. పక్కకి తిరిగి, పేపరు పైకి చదువుకుంటూనో ఫోన్ మెల్లగా మాట్లాడుకుంటూనో. దాని కళ్లలోకి తదేకంగా చూడొద్దు, పిల్లి దృష్టిలో అది దెబ్బలాటకి పిలవడం. చూపు కలిసినప్పుడు మీరు కళ్లు నెమ్మదిగా మూసి తెరవండి. అది కూడా అలాగే చేసిందంటే మీ దగ్గర భయం లేదని చెప్పినట్టు. చేయి చాచి పట్టుకోబోకుండా ఒక వేలు దాని ముక్కు ఎత్తులో నిలిపి ఉంచండి. వాసన చూసి, బుగ్గ రుద్దితే, చెవుల మధ్య, గడ్డం కింద మెల్లగా గోకండి. పొట్ట ముట్టుకోవద్దు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించినా సరే.

మొదటి రోజు సరిగా తినకపోతే టెన్షన్ పడకండి. కానీ పెద్ద పిల్లి రెండు రోజులు అసలేమీ తినకపోతే డాక్టర్ని కలవాలి, పిల్లులు రోజుల తరబడి పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకొస్తుంది. పిల్లపిల్లి అయితే ఒక్క పూట దాటనివ్వొద్దు. ఇంకొకటి జాగ్రత్తగా చూడండి: మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పోయకపోతే మూత్రం దారి మూసుకుపోయిందని అర్థం. తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడే తీసుకెళ్లాలి.

బాగా తింటూ, ట్రేలోనే పోసుకుంటూ, మీరు గదిలోకి రాగానే తోక నిటారుగా ఎత్తి ఎదురొస్తోందంటే తలుపు తీసే రోజు వచ్చినట్టు. కొన్ని పిల్లులకి ఇది వారంలో అవుతుంది, బెదిరినవాటికి నెల కూడా పడుతుంది. వీధి తలుపు, పెరటి తలుపు వేసుకుని మొదట పక్క గది, మర్నాడు హాలు, ఇలా ఒక్కొక్కటే చూపించండి. ఆ మొదటి గదిలో దాని పెట్టె, ట్రే అలాగే ఉంచండి. బెదిరినప్పుడల్లా అక్కడికే పరిగెడుతుంది.

ఇంట్లో ముందే ఇంకో పిల్లి ఉంటే ఈ రెండు వారాలూ రెంటినీ ఒకదానికొకటి చూపించకండి. తలుపుకి రెండువైపులా తిండి గిన్నెలు పెట్టి, గుడ్డలు మార్చి, ముందు వాసన అలవాటు చేయండి. కుక్క ఉంటే కలిపేటప్పుడు గొలుసు మీ చేతిలోనే ఉండాలి.

ట్రే, తిండి

ట్రేకి ఖరీదైన సరుకు అక్కర్లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో మూడంగుళాల మందాన జల్లించిన పొడి ఇసుక పోయండి. షెల్టర్‌లో ఏది వాడారో మొదట అదే వాడి, తర్వాత మెల్లగా మార్చండి. రోజుకి రెండుసార్లు తీసేయండి. ఒక పిల్లికి రెండు ట్రేలుంటే ఇంకా మంచిది. బయట పోసుకుంటే కొట్టడం, మూతిని అందులో పెట్టి రాయడం లాంటివి చేయొద్దు. అది భయం తప్ప ఇంకేమీ నేర్పదు.

తిండి విషయంలో మన వైపు అదృష్టవంతులం, చేపలకి లోటు లేదు. నెత్తళ్లు, కానాగంతలు ఉప్పూ కారం లేకుండా ఉడికించి, పెద్ద ముళ్లు తీసి పెట్టండి. పచ్చి చేప వద్దు, కొన్నిట్లో ఉండే ఎంజైము బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, అదీ వద్దు. ఉడికించిన చికెన్ బాగుంటుంది, ఎముకలు మాత్రం తీసేయాలి, ఉడికిన ఎముక పుల్లల్లా విరిగి గుచ్చుకుంటుంది. కేవలం చికెన్, చేప మీద నడిపితే కాల్షియం చాలదు కాబట్టి ఒక పూటైనా ప్యాకెట్ తిండి కలపండి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర ముక్క కడిగి పెట్టినా హానే. పాలు చాలా పిల్లులకి అరగవు, విరేచనాలవుతాయి. దానికి కావాల్సింది మంచినీళ్లు.

డాక్టరు, టీకాలు, ఆపరేషన్

తెచ్చిన వారంలోపే ఒకసారి పశువుల డాక్టరుకి చూపించండి. పిల్లలకి 8 వారాల వయసులో ట్రైక్యాట్ అనే టీకా, మూడు నాలుగు వారాలకి మళ్లీ ఒకటి, 3 నెలలు నిండాక రేబిస్ టీకా వేస్తారు. తర్వాత ఎప్పుడెప్పుడు వేయించాలో కార్డు మీద రాయించుకోండి. నులిపురుగుల మందు బరువుని బట్టి డాక్టరే ఇస్తారు. జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయొద్దు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది.

కొత్త పిల్లి గీరినా కొరికినా సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ ఇంజక్షన్ గురించి అడగండి. ఇంట్లో పిల్లే కదా అని వదిలేయకండి.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, కట్టిన రెండు నెలలకి ఈనుతుంది. అయిదో నెల నిండగానే ఆపరేషన్ తేదీ అడిగి ఉంచుకోండి. ఒక్క కాన్పు అవనిద్దాం అని పెద్దవాళ్లు అంటారు. ఆరోగ్యానికి దాని అవసరమేమీ లేదు, పైగా ఆ పిల్లలకి ఇళ్లు వెతకాల్సింది మీరే. మగదానికీ చేయించాలి, లేకపోతే ఇల్లంతా మూత్రం చిమ్ముతుంది, రాత్రుళ్లు కొట్లాడి గాయాలతో వస్తుంది. పిల్లలు పుట్టాక సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేసేవాళ్లు ఉన్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం.

బయటికి వదలడం, తుఫాన్లు, తప్పిపోతే

నన్నడిగితే ఇంట్లోనే ఉంచండి. లారీలు, కుక్కలు, ఎలకల మందు, అన్నీ గేటు దాటాకే ఉన్నాయి. పెరట్లోకి వదలక తప్పని ఇళ్లలో, ఆపరేషన్, టీకాలు అయ్యి, పిలిస్తే వచ్చే అలవాటు పడ్డాకే, తిండికి ముందు, మీరు పక్కన ఉండగా కాసేపు వదలండి. మెడపట్టీ కడితే గట్టిగా లాగితే ఊడిపోయే రకం చూసి, దాని మీద మీ ఫోన్ నంబరు రాయండి.

దీపావళి సాయంత్రం, ఊరేగింపుల రోజు మళ్లీ ఆ మొదటి గదిలోనే పెట్టి తలుపు వేయండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు కూడా అంతే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే మన మీద పడ్డాయి. ఆ నెలలో క్యారియర్‌ని అటక మీద పడేయకుండా కిందే, మూత తీసి, లోపల గుడ్డ పరిచి ఉంచండి. అందులో పడుకునే అలవాటుంటే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. వారానికి సరిపడా పొడి తిండి, టీకా కార్డు ఫొటో దగ్గర పెట్టుకోండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకరోజు కనపడకపోతే ముందు ఇంట్లోనే వెతకండి: బీరువా లోపల, వాషింగ్ మెషిన్, మంచం సొరుగు. తర్వాత చుట్టూ నాలుగైదు ఇళ్లు. కొత్త పిల్లి దూరం పోదు, భయంతో దగ్గర్లోనే ఎక్కడో నక్కి, పిలిచినా పలక్కుండా ఉంటుంది. ఊరు సద్దుమణిగాక టార్చి పట్టుకుని కార్ల కింద, మెట్ల కింద, కాలవ పలకల కింద వేయండి, వెలుతురుకి కళ్లు మెరుస్తాయి. కారు తీసే ముందు బానెట్ తట్టమని పక్కవాళ్లకి చెప్పండి. రాత్రికి దాని పెట్టెని, వాడిన గుడ్డని గుమ్మం దగ్గర పెట్టి, గేటు కాస్త తీసి ఉంచండి. షెల్టర్‌వాళ్లకి ఆ రోజే ఫోన్ చేయండి, వాళ్ల దగ్గర బోను ఉంటే తెచ్చిపెడతారు. పది రోజులకి, చిక్కిపోయి, పక్కింటి మేడ మీద దొరికిన పిల్లులున్నాయి, కాబట్టి వారం దాటినా రాత్రిపూట టార్చి వేసి చూడటం ఆపకండి.